ఎర్ర మూడు, నీలం ఐదు

రేవులో ఉన్న మెట్లన్నింటిలోకీ ఒకే ఒక్క మెట్టుకి సున్నం వేసి ఉంటుంది. ఏటా వానలు మొదలయ్యే ముందు సున్నక్క మోకాళ్ళ మీద కూర్చుని, కుంచెతో ఆ మెట్టు అంచంతా తెల్లగా దిద్దుతుంది. అదే సున్నా. నది నీళ్ళు దానికి పైన ఎన్ని అడుగులున్నాయి, కింద ఎన్ని అడుగులున్నాయి అని రోజుకి మూడుసార్లు చూసి రాయడమే ఆవిడ ఉద్యోగం. అందుకే సున్నక్క. అసలు పేరు జీతం పుస్తకంలో ఉంది, అక్కడే ఉండిపోయింది.

"నీళ్ళు చూసి అంకె వెయ్యడానికి కూడా ఒక మనిషి కావాలా?" అని ఎద్దేవా చేసినవాళ్ళు లేకపోలేదు. అలాంటివాళ్ళని ఆవిడ ఊరికే వదిలిపెట్టేది కాదు. ముక్కు మీద కోపం మనిషి. "రా నాయనా, ఒక్క ఏడాది చేసి చూడు. ఒళ్ళు కాలిపోతున్నా ఆరింటికి లేచి మెట్లు దిగు. అప్పుడు మాట్లాడుదువు గాని" అనేది. అవి మామూలు మెట్లు కావు మరి. పడవలు కట్టుకోవడానికి ఎప్పుడో వేసిన రాతి మెట్లు, ఒక్కొక్కటి సరిగ్గా అడుగు ఎత్తు. ముప్ఫై ఏళ్ళు ఎక్కీ దిగీ ఆవిడ కుడి మోకాలు అరిగిపోయింది. మెట్ల పక్కనే పాతిన ఇనుప కమ్మీ మీద అంకెలుంటాయి. సున్నాకి పైనున్నవి నీలం, కిందున్నవి ఎరుపు.

ఆ రంగులు ఆవిడ తండ్రి పెట్టినవి. ఆయనదీ ఇదే ఉద్యోగం. ఒకసారి వానకి రిజిస్టరు తడిసి, అంకె ముందు పెట్టిన చిన్న గీత కాస్తా చెరిగిపోయిందట. పై అధికారి వచ్చి నలుగురిలో నానా మాటలూ అన్నాడట. ఆ పౌరుషంతో ఆయన గీతలే మానేశాడు. సున్నాకి కింద అయితే ఎర్ర సిరా, పైన అయితే నీలం సిరా. "గీత చెరుగుతుందే తల్లీ, రంగు చెరగదు" అన్నాడు. కూతురు దాన్ని వేదవాక్కులా పట్టుకుంది.

లెక్కలు కూడా ఆయన ఆ మెట్ల మీదే నేర్పాడు. బళ్ళో తీసివేతలంటే సున్నక్కకి ఏడుపు. పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యమంటే సరే. చిన్నదాంట్లోంచి పెద్దది ఎలా తియ్యడం? తండ్రి పలక లాక్కుని పక్కన పడేసి, పిల్లని సున్నా మెట్టు మీద నిలబెట్టాడు.

"తీసివెయ్యడమనే లెక్క వేరే లేదే పిచ్చిమొహమా. ఉన్నదల్లా కూడికే. మూడు కూడమంటే పైకి మూడు మెట్లు నడువు. మూడు తీసెయ్యమంటే వెనక్కి తిరిగి మూడు నడువు. తిరగడమొక్కటే తేడా, నడక అదే నడక."

"మరి ఎర్ర మూడుని తీసెయ్యమంటే?"

"తీసెయ్యమన్నందుకు ఒకసారి తిరుగు. అది ఎరుపైనందుకు ఇంకోసారి తిరుగు. ఇప్పుడెటు చూస్తున్నావ్?"

పిల్ల పైకే చూస్తోంది. నీలం ఐదు మీద నిలబెట్టి అదే చేయించాడు. రెండుసార్లు తిరిగి మూడు మెట్లు నడిస్తే ఎనిమిదో మెట్టుకి చేరింది. తీసెయ్యమంటే కూడినట్టయిందేమిటని నోరు తెరిచింది. ఆయన నవ్వి, ఈసారి ఎర్ర మూడు మీదికి దింపి నీలం ఐదుకి ఎక్కమన్నాడు. ఎక్కితే ఎనిమిది మెట్లు. దిగమన్నాడు. దిగినా ఎనిమిదే.

"చూశావా? ఎక్కడమో దిగడమో నీకు తెలియాలి గాని, కాళ్ళకేం తెలుసు? దూరానికి రంగు లేదే."

తర్వాతి కాలంలో సున్నక్క తన కూతురికీ ఇలాగే నేర్పింది. భర్త జబ్బు చేసి పోయాక ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే. పొద్దు పోవడానికి అదొక ఆట. తల్లి పై మెట్టు మీద కూర్చుని "ఎర్ర రెండు నుంచి నీలం నాలుగుకి!" అని కేకేస్తే, పిల్ల రాయి తీసుకుని కమ్మీ మీద ఠంగు ఠంగున ఆరు దెబ్బలు కొట్టేది. చుట్టుపక్కలవాళ్ళకి ఆ మోతతో తలనొప్పి. ఆ పిల్ల పెద్దయ్యాక వెల్డర్ అయింది. ఇనుముతో దాని స్నేహం అప్పటిదే మరి.

రేవుకి దిగువన పాత వంతెన ఉంది. దాని స్తంభం ఒకటి అడుగున కోసుకుపోయిందని మరమ్మతు మొదలుపెట్టారు. స్తంభం చుట్టూ మట్టికట్ట వేసి, లోపలి నీళ్ళు తోడేసి, ఇరవై అడుగుల గొయ్యి తవ్వారు. ఆ గోతిలో కట్ట ఎత్తు దాకా, మనిషి పట్టేంత ఇనుప గొట్టం నిలబెట్టారు. లోపలి నిచ్చెన మీంచి దిగి, గొట్టం అడుగున కూర్చుని అతుకులు వెయ్యాలి. సన్నగా ఉంటుందని, చెయ్యి మంచిదని ఆ పని సున్నక్క కూతురికి ఇచ్చారు.

పని మొదలైన రోజే కుర్ర ఇంజనీరు రేవుకి వచ్చాడు. నీటి లెక్క రోజూ చీటీ మీద పంపమని, కింద ఉంటే అంకె ముందు మైనస్ గీత పెట్టమని మర్యాదగానే అడిగాడు.

"మా దగ్గర గీతలుండవు బాబూ. ఎరుపంటే కింద. నలభై ఏళ్ళుగా అందరికీ అర్థమైంది, మీకూ అర్థమవుతుంది."

అతను తల గోక్కుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర కూతురు ఊరుకోలేదు.

"ఒక్క గీత పెడితే నీ సొమ్మేం పోతుందే అమ్మా?"

"మీ తాత చేతిరాత మీద గీతలు గీసే రకాన్ని కాను నేను."

"తెలియనివాడి చేతిలో పడితేనో?"

"కళ్ళున్నవాడికి ఎరుపు కనపడదటే?" అంది సున్నక్క. కూతురు కంచం తీసుకుని లేచింది. పట్టిన పట్టు విడిచే మనిషి కాదని దానికి పుట్టినప్పట్నుంచీ తెలుసు.

చీటీ తీసుకెళ్ళేది గుడ్లాయన. స్కూటరు వెనక గుడ్ల అట్టలు కట్టుకుని రోజూ పొద్దున్నే వంతెన దగ్గర కేంటీన్‌కి వెళ్తాడు, దారిలోనే కదా అని చీటీ కూడా ఇస్తాడు. రెండు నెలలుగా నది కదల్లేదు. చీటీ మీద రోజూ అదే ఎర్ర మూడు. ఎవరూ రెండోసారి చూడని అంకె అయిపోయింది.

ఆ రోజు పొద్దున్నా ఎర్ర మూడే. మధ్యాహ్నం ఒంటిగంటకి పది నిమిషాలుందనగా ఫోను మోగింది. ఎగువ ఆనకట్ట నుంచి. గేట్లు ఎత్తారట. "ఒంటిగంటకి మీ దగ్గర పెరగడం మొదలవుతుంది. మూడింటికల్లా పైన ఐదు తాకుతుంది, రాసుకోండి." సున్నక్క రాసుకుంది. వెంటనే వంతెన ఆఫీసుకి ఫోను చేసింది. ఇంజనీరు ఊళ్ళో లేడు. కొత్తగా వచ్చిన గుమాస్తా ఎత్తాడు.

"మాకూ చెప్పారమ్మా. మూడు నుంచి ఐదంటే రెండు అడుగులేగా. కట్ట ఇప్పుడున్న నీళ్ళకి పైన నాలుగు అడుగుల ఎత్తుంది. పని ఆపక్కర్లేదన్నారు."

"ఏం మూడయ్యా? అది ఎర్ర మూడు!"

"ఎరుపేంటమ్మా? నా ముందున్న కాగితం మీద నల్లగానే ఉంది. అసలుది ఇంజనీరుగారి ఫైల్లో పెడతారు, మాకు మిషన్ మీద తీసిన నకలు ఇస్తారు. ఉంటానమ్మా, భోజనానికి లేస్తున్నా." ఫోను పెట్టేశాడు.

సున్నక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. నల్లటి మూడు. రంగు చెరగదన్నాడు నాన్న. మిషన్‌లో పడి పోయింది, ఏ వానా అక్కర్లేకుండా.

మళ్ళీ ఫోను చేసింది. మోగుతూనే ఉంది. మళ్ళీ చేసింది. కూతురి ఫోను పైన పెట్టెలో ఉంటుంది, గోతిలోకి తీసుకెళ్ళనివ్వరు. బుర్ర మాత్రం దాని మానాన అది లెక్క వేస్తూనే ఉంది. ఎర్ర మూడు నుంచి నీలం ఐదుకి ఎనిమిది. రెండు గంటల్లో ఎనిమిది. గంటకి నాలుగు. కట్ట నాలుగు. రెండింటికి కట్ట మీంచి నీళ్ళు దూకుతాయి.

కిటికీలోంచి చూస్తే ఎర్ర మూడు మెట్టు అప్పటికే తడిసి మెరుస్తోంది.

రోడ్డు మీదకి పరిగెత్తింది. పరుగంటే ఏం పరుగు, ఆ మోకాలితో! సరిగ్గా అప్పుడే గుడ్లాయన తిరిగి వస్తున్నాడు. అడ్డంగా నిలబడిపోయింది.

"తిప్పు బండి! వంతెన దగ్గరికి! నా కూతురు గోతిలో ఉంది, కట్ట మునిగిపోతుంది!"

"అక్కా, అక్కా, ఉండు. వెనక నాలుగు అట్టలు మిగిలాయి, పగుల్తాయి."

సున్నక్క మాట్లాడకుండా అట్టలు రెండు చేతులా లాగి రోడ్డు పక్కన పెట్టింది. పెట్టిందంటే మర్యాదకి అంటున్నాను, పడేసింది. ఆయన లబోదిబోమన్నాడు. ఆవిడ మొహం చూశాక నోరు మూసుకుని బండి తిప్పాడు.

గట్టు మీద దారంతా గుంటలే. ఆయన ఉండబట్టలేక అడిగాడు. "ఇంతకీ ఎంత పెరుగుతుందక్కా?"

"మూడు నుంచి ఐదుకి."

"ఓస్, రెండేనా!"

సున్నక్క ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది. "నువ్వు కూడానా! రోజూ ఎర్రగా ఉన్న చీటీ పట్టుకెళ్ళింది నువ్వే కదరా నాయనా!" అని భోరుమంది. ఆయనకి ఏమీ అర్థం కాలేదు గానీ, పాపం, బండి మాత్రం ఇంకా గట్టిగా తోలాడు. పక్కనే నది రంగు మారిపోయింది. మట్టి కలిసిన నీళ్ళు, పుల్లలు, నురగ.

గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. తల మీద టోపీ లేనిదే లోపలికి వదలకూడదట. సున్నక్క అతని నెత్తి మీదున్న టోపీయే లాక్కుని పెట్టుకుని కుంటుకుంటూ వెళ్ళిపోయింది. అతను తన బోడిగుండు తడుముకుంటూ ఉండిపోయాడు.

మేస్త్రీ గట్టు మీదే ఉన్నాడు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు, చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు, ధైర్యంగా ఉన్నాడు.

"మేస్త్రీ, అందర్నీ పైకి పిలువు! కట్ట మునుగుతుంది!"

"చూస్తూనే ఉన్నానక్కా. మొత్తం రెండు అడుగులేగా? అడుగున్నర ఇప్పటికే వచ్చేసింది. ఇంకో అరడుగు, అంతే. నువ్వలా నీడకి కూర్చో."

"అది ఎరుపయ్యా! ఎర్ర మూడు! రెండు కాదు!"

"ఎరుపేంటక్కా?" అన్నాడు, ఎండదెబ్బ గానీ తగిలిందా అన్నట్టు చూస్తూ. ఇన్నేళ్ళుగా సున్నక్క కాళ్ళకి తెలిసిన లెక్క నోటికి రావడం లేదు. గట్టు నుంచి కట్ట మీదికి ఇనుప మెట్లున్నాయి. అతని చొక్కా పట్టుకుని అక్కడికి ఈడ్చుకుపోయింది. తను ఒక మెట్టు మీద నిలబడింది.

"ఇది సున్నా. నీళ్ళు దీనికి పైన లేవు పొద్దున్న. కింద ఉన్నాయి, మూడో మెట్టు మీద. దిగు! దిగవయ్యా నీకు దణ్ణం పెడతాను!"

దిగాడు. పిచ్చిదాన్ని సముదాయిస్తున్నట్టే దిగాడు.

"ఇప్పుడు నాకు పైన ఐదో మెట్టుకి ఎక్కు. బయటికి లెక్కపెట్టు."

"ఒకటి. రెండు. మూడు." మూడు దగ్గర ఆవిడ పక్కకి వచ్చాడు. ఇంకా ఐదు మెట్లు ఎదురుగా కనపడుతున్నాయి. "నాలుగు" అంటూ ఉండగానే గొంతు మారిపోయింది. ఐదు అనలేదు. మెడలో ఈల తీసి ఊదుతూ కట్ట మీదికి పరిగెత్తాడు.

గోతిలో పని చేసేవాళ్ళు దిగేముందు ఇత్తడి బిళ్ళ పలక మీద తగిలించి, పైకొచ్చాక తీసుకోవాలి. అది వాళ్ళ పద్ధతి. ఏడు బిళ్ళలు వేలాడుతున్నాయి. ఈల విని ఒక్కొక్కళ్ళే ఎక్కి వచ్చారు, ఆరుగురు, ఆరు బిళ్ళలు తీసుకున్నారు. ఏడులోంచి ఆరు తీస్తే ఒకటి. ఆ లెక్కకి ఎవరికీ మెట్లు అక్కర్లేకపోయింది.

గొట్టంలోకి వేలాడుతున్న తాడు పట్టుకుని మేస్త్రీ ఒక్కసారి లాగాడు. పైకి రమ్మని గుర్తు. కింద నుంచి రెండుసార్లు లాగింది. ఆగమని. అతుకు సగంలో వదిలితే పగులు వస్తుంది, మంచి వెల్డర్ ఎవరూ వదలరు. మళ్ళీ లాగాడు. మళ్ళీ రెండు. కరెంటు తీసేశారు. లోపల వెలుగు ఆరిపోయింది. అయినా రాలేదు. కరెంటు పోవడం అక్కడ రోజూ ఉన్నదే, పోతే చీకట్లో కదలకుండా కూర్చోవాలని వాళ్ళకి నేర్పారు. గొట్టంలోకి అరిస్తే మాటలన్నీ ముద్దయిపోయి ఊరికే హోరులా వినపడుతోంది. ఒకతను లోపలికి కాలు పెట్టాడు. మేస్త్రీ వెనక్కి లాగాడు. ఒక్క మనిషి పట్టే గొట్టం, ఇతను దిగితే ఆమె ఎక్కేదెలా?

కట్ట అంచుకి నీళ్ళు జానెడు దూరంలో ఉన్నాయి.

"చేశాను, నేనే చేశాను, నా చేత్తో నేనే" అని సున్నక్క తల బాదుకుంటోంది. ఎవరో పట్టుకోబోతే విదిలించుకుంది. కాళ్ళ దగ్గర పెద్ద రెంచి ఒకటి పడి ఉంది. అది చూడగానే ఏడుపు ఆగింది. రెండు చేతులా ఎత్తి గొట్టం అంచు మీద కొట్టింది.

ఠంగు. ఠంగు. ఒక్కొక్కటీ విడివిడిగా, తొందరపడకుండా. ఎనిమిది.

ఆగింది. కింద చప్పుడు లేదు. మళ్ళీ మొదలుపెట్టింది. ఎనిమిది.

కట్ట నాలుగు అడుగులని గోతిలోకి దిగే ప్రతివాళ్ళకీ తెలుసు. ఎనిమిదంటే ఏమిటో ఆ గొట్టంలో ఉన్న ఒక్క మనిషికే తెలుసు. మూడోసారి ఐదో దెబ్బ కొడుతుండగా కింద నుంచి బూట్ల చప్పుడు వినపడింది, నిచ్చెన పుల్లల మీద, గబగబా. ముందు మసిపట్టిన టోపీ వచ్చింది, తర్వాత చేతులు. అందరూ కలిసి లాగేశారు. గట్టు మీదికి చేరి వెనక్కి చూసేసరికి కట్ట మీంచి ఒకచోట సన్నగా నీళ్ళు జారాయి. ఆ తర్వాత కట్టే జారిపోయింది. గొయ్యి నిండడానికి, గొట్టంతో సహా, ఎంతసేపో పట్టలేదు.

సున్నక్క కూతుర్ని పట్టుకోబోయింది. కూతురు ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"ఎనిమిదని నాకిప్పుడు చెప్పావు. పొద్దున్న వాళ్ళకి ఒక్క గీత పెట్టి చెప్పలేకపోయావా?"

సున్నక్క చాచిన చేతులు దించేసింది. ఏడుగురు మనుషులు ఎదురుగా నిలబడి ఉన్నారు, ఊపిరి పీల్చుకుంటూ.

సాయంత్రం ఆరింటికి మెట్లు దిగింది. నీలం ఐదు. ఆనకట్టవాడు చెప్పినట్టే, అంగుళం తేడా లేకుండా. గుమాస్తా తనే ఫోను చేసి చాలాసేపు నీళ్ళు నమిలాడు. "నీ తప్పు కాదు నాయనా. సున్నాకి పైన ఐదు అడుగులు. పొద్దున్న సున్నాకి కింద మూడు అడుగులు. ఇక నుంచి నోటితో కూడా చెబుతాను" అంది. తర్వాత రిజిస్టరు తీసి, ఆ పొద్దుటి ఎర్ర మూడు ముందు గీత పెట్టింది. తండ్రి చేతిరాతలో ఉన్న పాత పేజీలు కూడా తిప్పి, ఒక్కో ఎర్ర అంకె ముందూ పెట్టుకుంటూ పోయింది. కళ్ళనీళ్ళు పడి రెండు మూడు చెరిగిపోయాయి. నాన్న చెప్పింది అబద్ధం కాదు, పాపం. మళ్ళీ దిద్దింది.

కూతురు ఇంటికి రాలేదు. బట్టలు పట్టుకుని పనివాళ్ళ షెడ్డుకి వెళ్ళిపోయింది. సున్నక్క రెండుసార్లు వెళ్ళి గేటు దగ్గర నిలబడి వచ్చేసింది. అన్నం సయించేది కాదు. గుడ్లాయన రోజూ ఒక మాట చెప్పేవాడు. "బాగానే ఉందక్కా. తింటోంది." పగిలిన గుడ్ల ఊసు మాత్రం ఎత్తలేదు, మంచి మనిషి.

రెండు రోజులు నది అలాగే నిలబడి, ఆ తర్వాత రోజుకో అడుగు చొప్పున దిగింది. సున్నా మెట్టు బయటపడింది, సున్నం కొట్టుకుపోయి. మర్నాడు ఎర్ర ఒకటి బయటపడింది. ఆ పొద్దున్న సున్నక్క మెట్లు దిగేసరికి కమ్మీ దగ్గర నిప్పురవ్వలు లేస్తున్నాయి. కూతురు మొహానికి ముసుగు వేసుకుని, ఎర్ర ఒకటి ముందు ఇనుప కమ్మీ మీద అడ్డంగా ఒక గీత అతుకుతోంది. వానకి చెరగదు, మిషన్ మీద పెట్టినా పోదు. పని అయ్యాక తల్లి వైపు చూడకుండా సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. మర్నాడు ఎర్ర రెండు. అప్పుడూ అంతే. సున్నక్క పై మెట్టు మీద కూర్చుని చూస్తూ ఉండేది, పిలిచే ధైర్యం లేక.

మూడో రోజు ఎర్ర మూడు బయటపడింది. గీత అతికి, ముసుగు పైకెత్తి, కూతురు సుత్తి పట్టుకుని తల్లి దగ్గరికి ఎక్కి వచ్చింది. సుత్తి చేతిలో పెట్టింది.

"ఎర్ర మూడు నుంచి నీలం ఐదుకి" అంది.

సున్నక్క కమ్మీ మీద కొట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. నాలుగు దగ్గర, కట్ట ఎత్తు దగ్గర, చెయ్యి ఆగిపోయింది. ఎత్తబోయింది, లేవలేదు. "నా వల్ల కావడం లేదే" అని చిన్నపిల్లలా ఏడ్చేసింది.

కూతురు ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మిగిలిన నాలుగూ తనే కొట్టింది.